సోషల్ మీడియాతో మీకు ఒరిగేదేమిటో తేల్చుకోవడం ఎలా: బెజవాడ, గుంటూరు వాసులకు సమగ్ర మార్గదర్శి

విజయవాడలో గానీ గుంటూరులో గానీ వాట్సాప్ లేని ఇల్లు ఇప్పుడు అరుదు. బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు యజమాని మొదలుకొని బ్రాడీపేటలో ట్యూషన్ చెప్పే మాస్టారి వరకు చాలామంది ఏదో ఒక సోషల్ మీడియా వేదికపై ఉన్నారు. అయినా, "దీనివల్ల మీకు కలిగిన లాభం ఏమిటి?" అని అడిగితే సూటిగా జవాబు చెప్పగలిగేవారు తక్కువ. కొందరు కాలక్షేపం అంటారు, కొందరు వ్యసనం అంటారు, మరికొందరు అందరూ ఉన్నారు కాబట్టి తామూ ఉన్నామంటారు. లాభం ఉందో లేదో ఎవరికి వారు మూడు నెలల్లో పరీక్షించి తేల్చుకునే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. సోషల్ మీడియా వల్ల కలిగే పెద్ద లాభం రోజూ కలిసే మనుషుల నుంచి రాదు. పరిచయం ఉండీ లేనట్లున్నవారి నుంచి, అంటే పాత సహాధ్యాయులు, ఒకసారి సరుకు కొన్నవారు, అదే వృత్తిలో వేరే ఊళ్లో ఉన్నవారి నుంచి వస్తుంది. ఆ లాభం అందాలంటే ఊరికే చూస్తూ కూర్చునే సమయం తగ్గాలి; అడగడం, చెప్పడం, జవాబివ్వడం పెరగాలి. ఈ కింది అడుగులన్నీ ఆ మార్పు కోసమే.

మొదటి అడుగు: అవసరాన్ని కాగితం మీద రాయండి

ఏ యాప్ పెట్టుకోవాలన్న ప్రశ్నతో మొదలుపెట్టేవారే ఎక్కువ. ముందు అవసరం తేలితే యాప్ దానంతట అదే తేలుతుంది కనుక ఆ ప్రశ్నను రెండో అడుగుకు వాయిదా వేయండి. ఒక నోటుపుస్తకం తీసుకొని ఒక పేజీలో వ్యక్తిగత అవసరం ఒకటి, ఎదుటి పేజీలో వృత్తికి సంబంధించిన అవసరం ఒకటి రాయండి. ఒక్కొక్కటే రాయండి, పది రాస్తే ఏదీ పరీక్షకు నిలవదు.

రాసిన వాక్యం కొలవడానికి వీలుగా ఉండాలి. "వ్యాపారం పెరగాలి" అన్నది కోరికే తప్ప ఇక్కడ పనికొచ్చే అవసరం కాదు. మంగళగిరిలో మగ్గం ఉన్న కుటుంబం అయితే "మధ్యవర్తి లేకుండా హైదరాబాద్, బెంగళూరు కొనుగోలుదారులకు నెలకు పది చీరలు అమ్మాలి" అని రాసుకోవచ్చు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థి "నేను చేరాలనుకుంటున్న రంగంలో ఇప్పటికే పనిచేస్తున్న ఐదుగురితో మాట్లాడాలి" అని రాసుకోవచ్చు. ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం ఉన్నవారికి "ఒంగోలు, ఏలూరు మెకానిక్కులకు నా దగ్గర ఏ భాగాలు నిల్వ ఉన్నాయో రోజూ తెలియాలి" అన్నది అవసరం. వ్యక్తిగత పేజీలో కూడా ఇదే పద్ధతి: "అమెరికాలో ఉన్న మనవరాలితో వారానికి రెండుసార్లైనా తెలుగులో మాట్లాడాలి" అన్న వాక్యం "అందరితో టచ్‌లో ఉండాలి" అన్నదానికంటే ఎంతో ఉపయోగకరం.

దానితోపాటు ఒక వారం పాటు ఇప్పుడు మీ సమయం ఎటు పోతోందో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే విభాగం, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనే విభాగం ఏ యాప్‌లో రోజుకు ఎన్ని గంటలు గడిపారో చూపిస్తాయి. ఆ అంకెలను అదే నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత వాటితోనే పోల్చుకోవాలి.

రెండో అడుగు: అవసరానికి తగిన వేదిక ఒక్కటి ఎంచుకోండి

ఒక్కో వేదిక పుట్టిన ఉద్దేశం వేరు కాబట్టి దాని బలమూ వేరు. వాట్సాప్ 2009లో మొదలైంది. ఒకరి నంబరు మరొకరి దగ్గర ఉన్నవారి మధ్య మాటలకు అది బాగుంటుంది కానీ, కొత్తవారు మిమ్మల్ని వెతికి పట్టుకోవడానికి అంతగా ఉపయోగపడదు. 2004లో వచ్చిన ఫేస్‌బుక్‌ను కుర్రకారు వదిలేస్తున్నా, నలభై దాటినవారిలో పాత మిత్రులను వెతకడానికి, ఒక ఊరికి లేదా ఒక అభిరుచికి చెందిన బృందాల్లో చేరడానికి దానికి సాటైనది నాకు కనబడలేదు. ఇన్‌స్టాగ్రామ్ కంటికి నచ్చే సరుకుకు అనువైనది: చీరలు, నగలు, బొమ్మలు, కేకులు, ఇంటి అలంకరణ వంటివి అక్కడ త్వరగా జనం దృష్టిలో పడతాయి.

యూట్యూబ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అక్కడ పెట్టిన వీడియోను మనుషులు వెతుక్కుంటూ వస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన రీల్‌కు ఆదరణ సాధారణంగా కొద్ది రోజులకే తగ్గిపోతుంది. "మిరప నారుమడిలో కుళ్లు ఎలా ఆపాలి" అన్న వీడియోను మాత్రం వచ్చే ఏడాది నారు పోసే రైతు కూడా వెతికి చూస్తాడు. అందువల్ల బోధించడం, వివరించడం, మరమ్మతు చూపించడం వృత్తిగా ఉన్నవారికి నేను యూట్యూబ్‌నే సూచిస్తాను. అయితే ప్రకటనల ఆదాయాన్ని మొదటి లాభంగా ఆశించకండి. ఆ ఆదాయంలో వాటా రావాలంటే కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలన్నది యూట్యూబ్ పెట్టిన నియమాల్లో ఒకటి. పొట్టి వీడియోలకు వేరే లెక్క ఉంది. ఆ స్థాయికి చేరేలోపే వీడియో చూసి ఫోన్ చేసిన ఒక విద్యార్థో, ఒక గిరాకీదారో మీకు ఎక్కువ ఇవ్వగలరు.

ఉద్యోగం వెతుక్కునేవారికి, ఉద్యోగం మారాలనుకునేవారికి 2003లో మొదలైన లింక్డ్‌ఇన్ ముఖ్యం. 2023లో ఎక్స్‌గా పేరు మారిన ట్విట్టర్ వార్తలకు, ప్రభుత్వ శాఖలకు సమస్యలు చేరవేయడానికి పనికొస్తుంది. పోటీ పరీక్షలకు చదివేవారు టెలిగ్రామ్ ఛానళ్లను ఎక్కువగా వాడతారు. పుస్తకాల దొంగ ప్రతులు కూడా అక్కడే తిరుగుతుంటాయి కాబట్టి ఏది తీసుకుంటున్నారో చూసుకోండి.

వ్యక్తిగత అవసరానికి ఇప్పటికే ఉన్న వాట్సాప్‌నో ఫేస్‌బుక్‌నో ఉంచుకొని, వృత్తి కోసం కొత్తగా ఒక్కటి మాత్రమే తీసుకోండి. రెండోదాన్ని మూడు నెలలు గడిచేదాకా తాకవద్దు. ఐదు చోట్ల ఖాతాలు తెరిచినవారు ఏ ఒక్కచోటా జవాబులు ఇవ్వలేక, నెల తిరక్కుండానే అన్నీ వదిలేయడం నేను తరచుగా చూస్తున్నాను.

మూడో అడుగు: మీ పరిచయాన్ని తీర్చిదిద్దండి

కొత్త మనిషి మీ ఖాతా తెరిస్తే మూడు సంగతులు వెంటనే తెలియాలి: మీరు ఎవరు, ఏ ఊళ్లో ఏం చేస్తారు, మిమ్మల్ని ఎలా చేరుకోవాలి. పేరును తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు లిపిలోనూ రాయండి, ఎందుకంటే వెతికేవారు రెండు రకాలుగానూ వెతుకుతారు. ఊరి పేరు తప్పనిసరి. "పటమట", "అరండల్‌పేట", "వన్‌టౌన్" వంటి పేట పేరు కూడా ఉంటే స్థానిక గిరాకీకి నమ్మకం కుదురుతుంది. దేవుడి బొమ్మో పువ్వు బొమ్మో పెట్టుకోవడం మన దగ్గర మామూలే గానీ, వృత్తి ఖాతాలో మాత్రం మీ ముఖం లేదా మీ దుకాణం బోర్డు స్పష్టంగా కనబడాలి.

వ్యాపారం ఉన్నవారు మామూలు వాట్సాప్‌కు బదులు 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌ను వేరే నంబరుపై పెట్టుకోండి. అది ఉచితమే. దుకాణం వేళలు, చిరునామా, సరుకుల జాబితా అందులో చేర్చవచ్చు. పదేపదే వచ్చే ప్రశ్నలకు జవాబులను ముందే రాసి దాచుకోవచ్చు. డబ్బు రావలసినవారికి ఒక గుర్తు, సరుకు పంపవలసినవారికి మరో గుర్తు పెట్టుకోవచ్చు. వేరే నంబరు వాడితే రాత్రి పదకొండు గంటలకు వచ్చే "రేటెంత?" అన్న ప్రశ్న మీ ఇంటి భోజనాల దగ్గరకు రాదు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, ఇంట్లో ఉండి వ్యాపారం చేసే మహిళలకు ఈ గీత గీసుకోవడం ఎంతో అవసరం.

లింక్డ్‌ఇన్‌లో పేరు కింద వచ్చే వాక్యంలో "ఉద్యోగం కోసం చూస్తున్నాను" అని రాయడం కంటే మీకు వచ్చిన పనిని రాయండి. "అకౌంటెంట్, జీఎస్టీ రిటర్నులు, ట్యాలీలో మూడేళ్ల అనుభవం, విజయవాడ" అన్న వాక్యం వెతికేవారికి దొరుకుతుంది. కోరిక తెలిపే వాక్యం దొరకదు.

నాలుగో అడుగు: వ్యక్తిగత లాభాన్ని ముందు రుచి చూడండి

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పిల్లలు విదేశాల్లో, పెద్దవాళ్లు ఇక్కడ ఉన్న కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇళ్లలో కుటుంబ వాట్సాప్ బృందం తరచుగా "శుభోదయం" చిత్రాలతో నిండిపోయి, అసలు మాటలు అడుగున పడిపోతాయి. దీనికి నేను సూచించే మార్పు సులువైనది. తయారైన చిత్రాలు పంపడం మానేసి, రోజుకు ఒక సొంత ఫోటో లేదా అరనిమిషం సొంత గొంతు పంపండి. పెరట్లో కాసిన దొండకాయలు, కొత్తగా వేసిన రోడ్డు, తాతగారు చెప్పిన ఒక పొడుపుకథ చాలు. అమెరికాలో రాత్రి వేళ ఉన్న కొడుకు అప్పుడే వినలేకపోయినా, ఉదయం పనికి వెళ్తూ వింటాడు. గొంతు రికార్డు చేసి పంపే సదుపాయం టైపు చేయడం రాని పెద్దవారికి పెద్ద అండ. అది ఎలా వాడాలో మీ ఇంట్లోని పెద్దలకు పక్కన కూర్చొని నేర్పండి.

రెండో వ్యక్తిగత లాభం పాత స్నేహాలు. పదో తరగతి బృందాలు చాలా ఊళ్లలో ఏర్పడి, పూర్వ విద్యార్థుల కలయికలు జరిగి, ఆ తర్వాత చప్పబడిపోతాయి. అలా జరగకుండా ఉండాలంటే బృందానికి ఒక పని ఉండాలి. చదువుకున్న పాఠశాలకు పుస్తకాలు కొనడం, ఏటా ఇద్దరు విద్యార్థుల ఫీజు కట్టడం, సహాధ్యాయుల్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం వస్తే రక్తదాతలను వెతకడం వంటి పనులు బృందాన్ని బతికిస్తాయి.

ఆపద సమయంలో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, న్యూ రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఏ వీధిలో ఎవరికి పాలు, మందులు కావాలో తెలియజేసే సందేశాలు ఫోన్ల మీదుగానే ఒకరి నుంచి ఒకరికి చేరాయి. పుకార్లు కూడా అదే దారిలో పోయాయి. అందుకే మీ అపార్ట్‌మెంటుకో వీధికో ఇప్పుడే ఒక బృందం ఏర్పాటు చేసుకొని, రాజకీయాలు, వ్యాపార ప్రకటనలు అందులోకి రాకుండా ఒక నియమం పెట్టుకోండి. ఒంటరిగా ఉండే వృద్ధులు ఏ ఫ్లాట్‌లో ఉన్నారో, పడవ లేదా వాహనం ఎవరి దగ్గర ఉందో ముందే రాసిపెట్టండి. ఆపదలో సందేశం పంపేటప్పుడు సమయం, తేదీ, ఇంటి గుర్తు, ఫోన్ నంబరు, లొకేషన్ ఈ ఐదూ ఉండాలి. సాయం అందగానే "అందింది" అని అదే చోట తెలియజేయాలి. లేకపోతే అందరూ ఒకే ఇంటికి పరుగెత్తుతారు, పక్క ఇల్లు మిగిలిపోతుంది.

మధుమేహం, మూత్రపిండాల జబ్బు, ఆటిజం ఉన్న పిల్లల పెంపకం వంటి విషయాల్లో ఒకరికొకరు ధైర్యం చెప్పుకొనే బృందాలు కూడా మేలు చేస్తాయి. అయితే అక్కడి నుంచి ధైర్యం తీసుకోండి, అనుభవం తీసుకోండి. మందు మోతాదు మాత్రం మీ డాక్టరు దగ్గరే తీసుకోండి.

ఐదో అడుగు: కొద్దిపాటి పరిచయాలతో మాట్లాడడం నేర్చుకోండి

వృత్తిపరమైన లాభం అంతా ఈ అడుగులో ఉంది కాబట్టి దీన్ని తీరికగా చదవండి. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెట్టర్ 1973లో ఒక విషయాన్ని సిద్ధాంతీకరించాడు: కొత్త ఉద్యోగాల సమాచారం దగ్గరి స్నేహితుల కంటే దూరపు పరిచయస్తుల ద్వారా ఎక్కువగా అందుతుంది. కారణం తేలికగానే అర్థమవుతుంది. మన దగ్గరివారికి తెలిసినవి దాదాపు మనకూ తెలిసినవే. దూరపు పరిచయస్తులు వేరే లోకంలో తిరుగుతారు కనుక వారి దగ్గర మనకు తెలియని సంగతులు ఉంటాయి. 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మందికి సంబంధించిన ఐదేళ్ల సమాచారాన్ని పరిశీలించి, మరీ దగ్గరివారూ కాని, పూర్తిగా పరాయివారూ కాని మధ్యస్థ పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడుతున్నాయని తేల్చింది.

మన ప్రాంతానికి ఈ మాట మరీ వర్తిస్తుంది. ఇక్కడి కాలేజీల్లో చదివి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, విదేశాలకు వెళ్లినవారు ప్రతి బ్యాచిలోనూ ఉన్నారు. వారితో మీకున్న బంధం ఒకే కాలేజీ, ఒకే ఊరు అన్నంతవరకే కావచ్చు. మొదటి సందేశానికి అది చాలు. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిస్తే పూర్వ విద్యార్థులు ఎక్కడ, ఏ పనిలో ఉన్నారో విడివిడిగా చూడవచ్చు. అందులోంచి మీ రంగంలో మీకంటే మూడు నుంచి ఏడేళ్లు ముందున్నవారిని ఎంచుకోండి. మరీ పెద్ద హోదాలో ఉన్నవారికి తీరిక ఉండదు. నిన్నగాక మొన్న చేరినవారికి చెప్పగలిగేది తక్కువ.

మొదటి సందేశంలో ఉద్యోగం అడగవద్దు, రెజ్యూమె జతచేయవద్దు. జవాబివ్వడానికి రెండు నిమిషాలు పట్టే ఒక్క ప్రశ్న అడగండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

"నమస్కారం సార్. మాది గుంటూరు. మీరు చదివిన కాలేజీలోనే ఇప్పుడు నాలుగో సంవత్సరం చదువుతున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వైపు వెళ్లాలని సిద్ధమవుతున్నాను. కొత్తగా చేరేవారిని మీ దగ్గర మొదటి రౌండులో ఏ అంశాలపై ఎక్కువగా అడుగుతారో వీలున్నప్పుడు చెప్పగలరా? ధన్యవాదాలు."

జవాబు వస్తే అదే రోజు కృతజ్ఞత చెప్పండి. ఆ తర్వాత చాలామంది చేయని పని ఒకటి ఉంది: నెల గడిచాక, వారు చెప్పిన సలహా పాటించి ఏం నేర్చుకున్నారో రెండు వాక్యాల్లో వారికి తెలియజేయండి. తన మాట వృథా కాలేదని తెలిసిన మనిషి, తన దగ్గర ఖాళీ వచ్చినప్పుడు మిమ్మల్ని తలచుకోవడానికి ఎక్కువ అవకాశం ఉంది. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒకసారి గుర్తుచేసి వదిలేయండి. రోజూ "సార్, సార్" అని పంపితే తలుపు పూర్తిగా మూసుకుంటుంది.

మీరు అడిగేవారుగానే ఉండిపోవద్దు. మీ జూనియర్లు అడిగితే చెప్పండి, మీ రంగంలో వచ్చిన ఖాళీ మీకు సరిపోకపోతే మరొకరికి పంపండి, తోటి దుకాణదారు దగ్గర ఉన్న సరుకు మీ దగ్గర లేకపోతే గిరాకీని అక్కడికి పంపండి. ఆటోనగర్‌లో ఒక కొట్టులో లేని భాగాన్ని పక్క కొట్టు నుంచి తెప్పించి ఇచ్చే అలవాటు ముందునుంచీ ఉన్నదే. ఆ మర్యాదను ఫోన్‌లోకి తీసుకురావడమే ఇక్కడ చేయవలసింది.

ఆరో అడుగు: పని జరిగే తీరును చూపించండి

ఏం పోస్టు చేయాలో తెలియక ఆగిపోయేవారికి నా సలహా ఒక్కటే: అమ్మకం మాటలు తగ్గించి, పని జరిగే తీరు చూపించండి. కొండపల్లి బొమ్మను తీసుకోండి. పూర్తయిన అంబారీ బొమ్మ ఫోటో పెడితే చూసేవారు ధర ఎక్కువ అనుకుంటారు. తేలికైన తెల్ల పొణికి కర్రను ఆరబెట్టడం, ఒక్కో భాగాన్ని విడిగా చెక్కడం, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఆ భాగాలను అతకడం, ఆపై రంగులు దిద్దడం వరుసగా చూపిస్తే ఆ ధర ఎందుకో వారికే అర్థమవుతుంది. మంగళగిరి చీరకు నిజాం అంచు నేసే మగ్గం, గుంటూరు మిరప యార్డులో తేజ కాయకూ బాడిగ కాయకూ ఉన్న తేడా, తాలు కాయను ఏరివేయడం, ఆవకాయ కోసం మామిడికాయను పెంకుతో సహా ముక్కలు కొట్టే తీరు, ఇవన్నీ ఇక్కడివారికి రోజువారీ సంగతులు. బయటివారికి మాత్రం ఎంత చూసినా తనివి తీరని విషయాలు.

వీడియో తీయడానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. పగటి వెలుతురు మీ ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా నిలబడండి. ఫ్యాను ఆపండి, ఎందుకంటే దృశ్యం కొంచెం మసకబారినా సహించేవారు మాట వినబడకపోతే సహించరు. మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడండి. మూడు నెలల పాటు వారానికి రెండు పోస్టులు చాలు. రోజూ పెట్టాలన్న పట్టుదలతో మొదలుపెట్టినవారు తొందరగా అలసిపోతారు.

సరుకు అమ్మేవారు ధర రాయాలి. "ధర కోసం మెసేజ్ చేయండి" అన్న మాట చూసి వెళ్లిపోయేవారే ఎక్కువ. ధర, రవాణా ఖర్చు, ఎన్ని రోజుల్లో చేరుతుంది, పగిలితే లేదా నచ్చకపోతే ఏం చేస్తారు అన్న నాలుగు విషయాలను ఖాతాలో శాశ్వతంగా కనబడేలా పెట్టండి. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు ఇంటి నుంచి అమ్మేవారికి కూడా ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు అవసరం. చిన్న వ్యాపారులకు ఆ ప్రక్రియ సులభంగానే ఉంటుంది, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ఆ నంబరు సీసా మీద ఉంటే దూరప్రాంతపు కొనుగోలుదారుకు మొదటి సందేహం తీరుతుంది.

డబ్బు చెల్లించి ప్రకటనలు ఇవ్వడం మొదటి రెండు నెలలు వద్దు. ఏ పోస్టుకు నిజమైన ప్రశ్నలు వచ్చాయో తెలిశాక, దానినే కొద్ది మొత్తంతో, మీరు సరుకు పంపగలిగే ఊళ్లకు మాత్రమే చూపించేలా ప్రకటన ఇవ్వండి. ఎవరి దగ్గరైనా డబ్బు లేదా ఉచిత వస్తువు తీసుకొని దాని గురించి చెబుతున్నట్లయితే ఆ సంగతి స్పష్టంగా తెలియజేయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్న ఖాతాలు కూడా దీన్ని పాటించాలి.

ఏడో అడుగు: లాభం నష్టంగా మారకుండా కాపాడుకోండి

వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ విభాగంలో టూ స్టెప్ వెరిఫికేషన్ అన్నది ఉంటుంది; ఆరంకెల పిన్ పెట్టుకుంటే మీ నంబరుతో వేరొకరు ఖాతా తెరవడం కష్టమవుతుంది. లింక్డ్ డివైజెస్ అన్న చోట మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే వెంటనే తొలగించండి. మిమ్మల్ని బృందాల్లో ఎవరు చేర్చవచ్చన్న ప్రశ్నకు "నా కాంటాక్టులు మాత్రమే" అని మార్చండి. షేర్లలో లాభాలు చూపిస్తామనే మోసపు బృందాల్లోకి చాలామంది ఈ సెట్టింగ్ మార్చుకోకపోవడం వల్ల కూడా చేరిపోతున్నారు.

ఉద్యోగం వెతుక్కునే యువతకు కొన్ని హెచ్చరికలు. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగేవారు ఉద్యోగం ఇచ్చేవారు కాదు. వీడియోలకు లైకులు కొడితే, హోటళ్లకు రేటింగులు ఇస్తే రోజూ డబ్బు ఇస్తామంటూ మొదట కొద్ది మొత్తం ఇచ్చి, ఆపై "డిపాజిట్" అడిగే పద్ధతి మోసమే. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. ఎదుటివారు పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే డబ్బు పోయేది మీ ఖాతా నుంచే. "డిజిటల్ అరెస్టు" అన్నది చట్టంలో లేదు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో కనబడి బెదిరిస్తే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచడం వల్ల మోసగాడికే మేలు.

మహిళలు వృత్తి ఖాతాను కుటుంబ ఖాతా నుంచి పూర్తిగా వేరు చేసుకోవడం మంచిది. వృత్తి ఖాతాలో పిల్లల ఫోటోలు, వారి బడి పేరు, ఇంటి గుమ్మం కనబడే చిత్రాలు వద్దు. అసభ్య సందేశం వస్తే తొలగించే ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, ఫిర్యాదుకు అదే సాక్ష్యం.

ఎనిమిదో అడుగు: మూడు నెలలకు లెక్క చూడండి

ఇప్పుడు మొదటి అడుగులో రాసిన నోటుపుస్తకం తీయండి. ఫాలోవర్ల సంఖ్యను, లైకులను లెక్కలోకి తీసుకోకండి. అడగవలసిన ప్రశ్నలు వేరు: కొత్తగా పరిచయమై, మాటకు మాట జవాబిచ్చినవారు ఎందరు? వారి ద్వారా తెలిసిన ఉద్యోగం, గిరాకీ, సమాచారం ఏమిటి? ఎంత సొమ్ము వచ్చింది, ప్రకటనలకు, కొరియర్‌కు, డేటాకు ఎంత పోయింది? వ్యక్తిగత పేజీలో రాసుకున్న మనిషితో మాటలు నిజంగా పెరిగాయా? ఫోన్ చూపించే గంటలు మొదటి వారంతో పోలిస్తే పెరిగాయా, తగ్గాయా?

గంటలు పెరిగి జవాబులు పెరగకపోతే మీరు చూస్తున్నారు, మాట్లాడడం లేదు. అప్పుడు ఐదో అడుగుకు తిరిగి వెళ్లండి. జవాబులు వస్తున్నా అమ్మకం కుదరకపోతే సమస్య ధరలోనో రవాణాలోనో ఉంది. దాన్ని సరిదిద్దడం సోషల్ మీడియా పని కాదు. ఎంత ప్రయత్నించినా పరిచయాలే కలగకపోతే వేదిక తప్పు కావచ్చు. అప్పుడు రెండోదాన్ని ప్రయత్నించండి. వ్యక్తిగత ప్రయోజనం మాత్రమే కనబడి, వృత్తికి ఏమీ రాకపోతే అది కూడా తప్పు కాదు. గుంటూరులో రిటైరైన ఒక ఉపాధ్యాయురాలికి సోషల్ మీడియా మనవలతో మాటలకే పరిమితమైతే, ఆమె వరకు అదే పూర్తి లాభం.

లాభం ఇస్తున్న వేదిక ఒకటి తేలాక చివరిగా ఒక పని చేయండి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అందులో మాత్రమే ప్రేక్షకులను సంపాదించుకున్నవారు ఒక్కరోజులో వారందరినీ పోగొట్టుకున్నారు. వేదిక మీది కాదు, పరిచయాలు మీవి. కాబట్టి కొనుగోలుదారుల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు వారి అనుమతితో ఒక పుస్తకంలోనో కంప్యూటర్‌లోనో విడిగా రాసుకోండి. మీ నంబరును వారి ఫోన్‌లో సేవ్ చేసుకోమని కోరండి, ఎందుకంటే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపే సందేశం మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, లింక్డ్‌ఇన్ మూడింటిలోనూ మీ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం సెట్టింగ్స్‌లో ఉంది. ఆరు నెలలకోసారి ఆ ఫైలును తీసుకొని, వీడియోల అసలు ప్రతులతో పాటు ఒక పెన్ డ్రైవ్‌లో దాచిపెట్టండి.